సైలెన్సర్ మార్పించినంక చెక్ ఇంజన్ లైట్ పోతలేదు, సెన్సర్ కొనాల్నా వద్దా?

నల్గొండ_నాలుగుచక్రాలు

అన్నలందరికి నమస్తే. నాది 2018 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, బీఎస్4, 71 వేల కిలోమీటర్లు తిరిగింది. కంపెనీ పేరు రాస్తలేను, రాస్తే ఆ బండోళ్లు ఈ బండోళ్లు కొట్లాటకు దిగి అసలు ముచ్చట పక్కకు పోతది.

సంగతేందంటే దసరాకు ముంగట హైదరాబాద్‌ల ఒక షాపుకు పోయి సైలెన్సర్ మార్పించిన. సౌండ్ జర బేస్ వస్తే మంచిగుంటదని, అంతే, రేసులకేం పోను, రోజు నార్కట్‌పల్లి దాక డ్యూటీకి పోయొస్త. ఎనక డబ్బా ఒక్కటి మారిస్తే ఏం లాభం లేదు తమ్మి మధ్య పైపు గూడ మార్చాలె అప్పుడే ఫ్లో వస్తది అన్నడు షాపాయన, సరే కానియ్ అన్న. అంత కలిపి 14 వేలు. పాత సామాను నీకేంటికి తుక్కే గదా అని బిల్లుల 600 తగ్గిస్తే నేను ఖుషీ గూడ అయిన.

ఇంటికొస్తుంటే పంతంగి టోల్‌గేట్ దాటిన్నో లేదో పసుపు రంగు ఇంజన్ బొమ్మ వెలిగింది. తెల్లారి ఫోన్ జేస్తే "కొత్త పైపుకు ఈసీయూ (ఇంజన్‌ను నడిపిచ్చే కంప్యూటర్) అలవాటు పడాలె, బ్యాటరీ వైరు పది నిమిషాలు ఊడబీకి పెట్టు" అన్నడు. పీకిన, పోయింది, మల్ల వచ్చింది. గిట్ల మూడుసార్లు అయింది, మూడుసార్లు రేడియో స్టేషన్లు సెట్ చేసుకునుడే నా పనైంది. ఇగ ఇట్ల కాదని మా దగ్గర మెకానిక్‌కు చూపిస్తే స్కానర్ పెట్టి పీ0141 అనే ఎర్రర్ కోడ్ వచ్చింది అన్నడు, కిందికి పోయి సెన్సర్ ప్లగ్ లూజుగుంది అని నొక్కి టై కట్టిండు. లైట్ బందైంది. తొమ్మిది రోజులు మంచిగ తిరిగిన. మొన్న మల్ల వెలిగింది, ఈసారి పీ0420 అట. సెన్సర్ పోయింది 4,500 అయితది అంటున్నడు.

బండి నడుస్తనే ఉన్నది, గుంజుడు గూడ బాగనే ఉంది. మైలేజీ జర తగ్గినట్టనిపిస్తుంది, క్లాక్ టవర్ సిగ్నల్ కాడ ఆగి అద్దం దించితే పచ్చి పెట్రోల్ వాసన. సెన్సర్ కొనాల్నా? మా దోస్తు అయితే బొమ్మ మీద నల్ల టేపు అతికించి మర్చిపో అంటుండు.

గూడ_గేర్

తమ్మి 4,500 పెట్టకు. ఆన్‌లైన్ల స్పేసర్ అని దొరుకుతది, 300 - 400 ల వస్తది, ఎనక సెన్సర్ ఇప్పి మధ్యల అది బిగించి మల్ల సెన్సర్ పెట్టాలె. సెన్సర్ పొగకు దూరం జరుగుతది, లైట్ రాదు. మా మిర్యాలగూడల ఇద్దరు ముగ్గురు పెట్టుకున్నరు, ఏడాదైంది ఏం కాలే.

దేవరకొండ_డీజిల్

నాది డీజిల్, ఈజీఆర్‌కు (పొగను జర మల్ల ఇంజన్లకు పంపేదానికి) ప్లేటు కొట్టిచ్చిన, పీ0401 వస్తది. నాకు గూడ స్పేసర్ పనిజేస్తదా?

పాలమూరు_పానా

ముందుగాల డీజిలన్నకు ఒక్క ముక్క. నీ కోడ్ వేరే కథ, ఈజీఆర్‌ల పొగ తిరుగుతలేదు అని చెప్తుంది, నువ్వే ప్లేటు కొట్టిచ్చి మూసినవు కాబట్టి అది చెప్పేది నిజమే. ప్లేటు తీసేయ్, ఈజీఆర్ ఇప్పి మసి కడిగించు. దానికి స్పేసర్ సంబంధమే లేదు.

ఇప్పుడు నల్గొండ తమ్మి. నేను మహబూబ్‌నగర్‌ల షెడ్డు నడిపిస్త, ఇరవై ఏండ్లాయె పానాలు పట్టబట్టి. నీ పోస్టు రెండుసార్లు చదివిన, అండ్ల నాకు గుచ్చుకున్నది లైటు కాదు, ఆ 600 రూపాయలు. దాని ముచ్చట ఎనక చెప్త.

ఉత్త ఎనక డబ్బా మారిస్తే పీ0420 రాదు. రానే రాదు. ఎందుకంటే బండి పైపు మీద ఆక్సిజన్ సెన్సర్లు రెండుంటయి, ఒకటి క్యాట్‌కు (పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌కు) ముంగట, ఒకటి క్యాట్ దాటంగనే. సైలెన్సర్ డబ్బా ఆ రెండిటికి ఎన్నో అడుగుల ఎనక ఉంటది, అక్కడ నువ్వు ఏ డబ్బా పెట్టినా, పీపా పెట్టినా ఈసీయూకు తెల్వనే తెల్వదు. ఈసీయూ సైలెన్సర్‌కు అలవాటు పడుడు అనేది ఉత్త ముచ్చట.

గూడ తమ్మి, మీ ఊరి లెక్కల్నే చెప్త. రైసుమిల్లు ఉంటది గదా. లోపలికి పోయే వడ్లు ఎట్లున్నయో ఒకడు చూస్తడు, అవతల బయటికొచ్చే బియ్యం ఎట్లున్నయో ఇంకొకడు చూస్తడు. ఇద్దరి చేతుల్ల గూడ వడ్లే కనబడ్డయనుకో, దానర్థమేంది, మిల్లు ఆడుతలేదు, లేదంటే మిల్లే లేదు. పీ0420 అంటే గంతే. ఇక్కడ మిల్లు అంటే క్యాటలిటిక్ కన్వర్టర్, లోపల తేనెతుట్టె లెక్క సన్న సన్న బొక్కలు, వాటి మీద ప్లాటినం, పల్లాడియం, రోడియం పూత. ఇంజన్ల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌ను, కాలని పెట్రోల్ ఆవిరిని అక్కడ కాల్చి శుభ్రం చేస్తది. నీకు సిగ్నల్ కాడ పచ్చి పెట్రోల్ వాసన వస్తుందంటే కాలాల్సింది కాలుతలేదన్నట్టే.

మరి మొదట వేరే కోడ్, తొమ్మిది రోజులకు వేరే కోడ్ ఎందుకొచ్చింది అని అడుగుతవేమో. పీ0141 అంటే ఎనక సెన్సర్ లోపలుండే హీటర్ సర్క్యూట్ కాడ తేడా ఉన్నదని. సెన్సర్ పనిజేయాలంటే 300 డిగ్రీలకు పైన వేడెక్కాలె, అందుకే దాంట్ల చిన్న హీటర్ పెడ్తరు. పైపు మార్చినోడు ప్లగ్ సక్కగ పెట్టలే, నీ మెకానిక్ నొక్కిండు, ఆయన తప్పేం లేదు. కాకపోతే ఎనక సెన్సర్ దిక్కు తేడా ఉన్నన్ని రోజులు చానా బండ్లల్ల ఈసీయూ క్యాట్ పరీక్షను మొదలే పెట్టదు, పరీక్ష రాసేటోడే జరంతోటి పండినంక పేపర్ ఎవరికిస్తరు. ప్లగ్ బాగైనంక పరీక్ష నడిచింది, ఫెయిలైంది. ఒక్కసారికే లైట్ వెయ్యది, మామూలుగ వరుసగ రెండు ట్రిప్పులల్ల ఫెయిలైతేనే వేస్తది, నడుమల నువ్వు బ్యాటరీ పీకినప్పుడల్లా లెక్క మొదటికొస్తది. అందుకే అన్ని రోజులు పట్టింది.

సెన్సర్ పోయిందో లేదో తెల్సుకోనీకె 4,500 అక్కర్లే. ఈఎల్ఎం327 బ్లూటూత్ అడాప్టర్ అని వెయ్యి రూపాయల లోపే దొరుకుతది, స్టీరింగ్ కింద ఓబీడీ సాకెట్ల (మెకానిక్ స్కానర్ పెట్టే జాగల) గుచ్చి ఫోన్ల యాప్ తోటి చూడొచ్చు. బండిని ఒక ఇరవై నిమిషాలు తిప్పి బాగ వేడిజేసి, ఆపి, 2,500 ఆర్‌పీఎం కాడ రెండు నిమిషాలు పట్టుకో. రెండు సెన్సర్ల గ్రాఫ్ పక్కపక్కన పెట్టు. ముంగట సెన్సర్ 0.1 నుంచి 0.9 వోల్టుల నడుమ ఉయ్యాల ఊగినట్టు ఊగుతది, అది దాని పద్ధతి. ఎనకది 0.6 - 0.7 కాడ ఇంచుమించు నిలబడి ఉండాలె. అది గూడ ముంగటి దానితోని సమానంగ ఊగుతుందంటే సెన్సర్ పోలే, మంచిగ పనిజేస్తుంది, నిజం చెప్తుంది. (కొన్ని బండ్లల్ల ముంగట వైడ్‌బ్యాండ్ రకం ఉంటది, అది ఊగది, అప్పుడు ఎనకదాన్ని ఒక్కదాన్నే చూడాలె.) లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ అని ఒక అంకె ఉంటది, అది గూడ రాసుకొచ్చి ఇక్కడ పెట్టు.

అన్నిటికంటే ముందు ఒక పని జెయ్యి. ర్యాంపు ఉన్న తాన బండి ఎక్కించి కింద పండి చూడు, పాత క్యాట్ ఉన్నదా లేదా. ఉత్త జాకీ మీద లేపి కిందికి దూరకు, స్టాండ్లు లేకుంట అస్సలు దూరకు, పైపు సల్లారినంకనే చెయ్యి పెట్టు.

స్పేసర్ ముచ్చటకొస్తే, బియ్యం చూసేటోని కండ్లకు గంతలు కట్టినట్టు అది. మిల్లు ఆడుతలేదన్నది అట్లనే ఉంటది, చెప్పేటోడు బందైతడు. రేపు నిజంగ ఏమన్న అయితే గూడ నీకు తెల్వది. కొన్ని బండ్లల్ల ఎనక సెన్సర్‌ను చూసి ఈసీయూ పెట్రోల్‌ను గూడ జర జర సర్దుతది, ఆడికెళ్లి మైలేజీ గూడ తేడా వస్తది.

గూడ_గేర్

మిల్లు ముచ్చట మంచిగ చెప్పినవే పానా కాక, మా నాయిన మిల్లులనే చేస్తడు. కానీ స్పేసర్ పెట్టుకున్నోళ్ల బండ్లు నడుస్తనే ఉన్నయి మరి.

పాలమూరు_పానా

నడుస్తయి తమ్మి, నేను నడవయి అన్ననా. చెప్పులు లేకుంట గూడ మన్నెంకొండ ఎక్కుతరు. ఆ బండి ఎనక స్కూటర్ మీద పిల్లను కూసోబెట్టుకుని వచ్చేటోని కండ్లు మండుతయి సూడు, ఆయనను అడుగు.

నల్గొండ_నాలుగుచక్రాలు

అన్నా ఏం చెప్పాలె నీకు. ఇయ్యాల సర్వీసింగ్ పాయింట్ కాడ వాటర్ వాష్ చేసే ర్యాంపు మీద ఎక్కించి చూసిన. క్యాట్ లేదు. దాని జాగల సక్కటి పైపు వెల్డింగ్ చేసి ఉంది, దానికే బొక్క కొట్టి నట్టు వెల్డ్ చేసి సెన్సర్ బిగించిండు. పైన రేకు కవర్ గూడ తీసేసిండు, వేడి ఆపే కవర్ అట అది. నాకు మధ్య పైపు అనే చెప్పిండు గాని క్యాట్ తీస్తున్న అని ఒక్క మాట అన్లే.

అడాప్టర్ గూడ మా ఆఫీసుల ఒకాయన తాన దొరికింది. ముంగట సెన్సర్ ఊగుతుంది, ఎనకది గూడ అచ్చం అట్లనే ఊగుతుంది, కవల పిల్లల లెక్క. లాంగ్ టర్మ్ ట్రిమ్ 14 చూపిస్తుంది, ప్లస్. మంచిదా చెడ్డదా తెల్వది.

పాలమూరు_పానా

నాకు డౌట్ ఉండె. సెన్సర్ పైసలు మిగిలినయి ఫో.

ప్లస్ 14 అంటే ఈసీయూ మామూలు కంటే 14 శాతం ఎక్కువ పెట్రోల్ కొడుతుంది. 10 లోపల అటు ఇటు ఉంటే పట్టించుకోం, 14 ఎక్కువే. మైలేజీ తగ్గింది అన్నవు గదా అది ఇదే. నా లెక్క ప్రకారం ముంగటి జాయింట్ కాడ లీకుంది, కొత్త పైపుకు పాత గ్యాస్కెటే (జాయింట్ల నడుమ లీకు ఆపే వాషర్) పెట్టి ఉంటడు. అక్కడ ఇంజన్ కొట్టిన పొగ బయటికి ఫస్ మంటది, కొట్టుకు కొట్టుకు నడుమ బయటి గాలిని లోపలికి గుంజుకుంటది. ముంగట సెన్సర్ పక్కనే ఉంటే ఆ గాలిల ఆక్సిజన్ చూసి అయ్యో పెట్రోల్ తక్కువైంది అనుకుంటది, ఈసీయూ ఇంకింత పోస్తది.

పొద్దుగాల బండి సల్లగ ఉన్నప్పుడు స్టార్ట్ చేసి, ఒకరిని ఎనక పైపు మూతికి మందం బట్ట కొన్ని సెకండ్లు అడ్డం పెట్టమను, నువ్వు బానెట్ కాడ చెవి పెట్టి ఇను. ఫస్ ఫస్ అని ఏడ వస్తే అక్కడ లీకు. జాయింట్ చుట్టు నల్లగ మసి కనబడ్డా అదే. ఆరుబయట చెయ్యి, షెడ్డు లోపల చెయ్యకు. ఈ లీకును చిన్నగ తీసుకోకు, కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండది, ఏసీల నుంచి లోపలికి వస్తే ఎనక సీట్ల పిల్లలు నిద్రపోతున్నరనుకుంటం.

ఇంకోటి. మసాలా లెక్క ఎర్ర సిలికాన్ పేస్టు పూసి బిగిస్తరు కొందరు, సెన్సర్‌కు పడది అది. ఓటూ (ఆక్సిజన్) సెన్సర్‌కు ఏం కాదని ట్యూబ్ మీద రాసున్నదే వాడాలె, దానికంటే కొత్త గ్యాస్కెట్ ఏపిస్తే ఆ బాధనే లేదు.

కల్వకుర్తి_కాక

ఇన్ని దినాలు చదువుకుంట ఉన్న, ఇప్పుడు చెప్తున్న. తమ్మి, నీ 600 రూపాయల సంగతి ఇదే. పాత ఇనుమును తుక్కు అంటరు గాని క్యాట్‌ను తుక్కు అనరు. లోపల ఉండే రోడియం బంగారం కంటే పిరం. అందుకే కంపెనీ క్యాట్‌ల కోసం తిరిగేటోళ్లు ఉన్నరు, బయటి దేశాలల్ల రాత్రిపూట బండ్ల కిందికి దూరి కోసుకుపోతరు. మనకాడ కొయ్యాల్సిన పనే లేదు, మనమే పైసలిచ్చి ఇప్పిచ్చి అప్పజెప్తున్నం. జల్ది పోయి అడుగు, ఇంకా షాపులనే ఉండొచ్చు. మాటలతోటి కాకుంటే నీ బిల్లుల ఏం రాసిండో చూడు, క్యాట్ తీసినం అని రాయకపోతే నీ మాటకు బలం.

ఇంకో రెండు ముక్కలు. పొల్యూషన్ సర్టిఫికెట్ ఎప్పుడు అయిపోతుంది నీది? బీఎస్4 పెట్రోల్ బండికి ఐడిల్ మీద సీవో (కార్బన్ మోనాక్సైడ్) 0.3 శాతం, హెచ్‌సీ (కాలని పెట్రోల్ ఆవిరి) 200 పీపీఎం దాటొద్దు. క్యాట్ లేకుంట అవి దాటుడు చిటికెల పని. బండిని కంపెనీ ఇచ్చిన తీరు మార్చొద్దని మోటారు వాహనాల చట్టంల 52వ సెక్షన్ ఉంది. పొగ, సౌండ్ ముచ్చటకు 190(2), దాని కింద 2019 సవరణ అయినంక 10 వేల దాక జరిమానా, మూడు నెలల దాక జైలు గూడ రాసిన్రు, లైసెన్స్ మూడు నెలలు పోవచ్చు. బుల్లెట్ సైలెన్సర్లు రోడ్ రోలర్ కింద తొక్కిచ్చిన వీడియోలు చూసి నవ్వుకుంటం గాని అదే చట్టం కార్లకు గూడ.

నేను నీతులు చెప్పేటోన్ని గాదు, నా వయసుల నేను గూడ మోపెడ్ సైలెన్సర్‌ల జాలి పీకి శ్రీశైలం ఘాట్ల తిరిగిన. మన్ననూరు చెక్‌పోస్టు కాడ ఫారెస్టాయన అర్ధగంట నిలబెట్టి తిట్టిండు, పులులు పండుకుంటయి రా అని. అప్పటిసంది బుద్ధొచ్చింది అని చెప్తే అబద్ధం, పైసల్లేక బుద్ధొచ్చింది.

వనపర్తి_వీల్

పాత క్యాట్ దొరకకపోతే ఏం జెయ్యాలె అది గూడ చెప్పున్రి, నాకు గూడ పనికొస్తది. ఆన్‌లైన్ల 200 సెల్ హై ఫ్లో క్యాట్ 5 వేలకు కనబడుతుంది, అది పెడితే లైట్ పోతదా?

పాలమూరు_పానా

పోవచ్చు, పోకపోవచ్చు. 200 సెల్ అంటే చదరపు అంగుళానికి 200 బొక్కలు, కంపెనీవి మామూలుగ 400 ఆ పైన ఉంటయి. బొక్కలు పెద్దగైతే పొగ జల్ది పోతది, శుభ్రం అయ్యేది తక్కువైతది, ఈసీయూకు కంపెనీ లెక్కనే తెల్సు కాబట్టి మల్ల పీ0420 అంటది. సస్తావాటి పూత పల్చగుంటది, కొన్ని నెలలు మంచిగుండి మల్ల మొదలైతది. నా షెడ్డుకొచ్చినోళ్లకైతే నీ బండికి సరిపోయే కంపెనీదే, లేకుంటే నమ్మకమున్న తాన అదే మోడల్ సెకండ్‌హ్యాండ్ చూడు అంటా. సెకండ్‌హ్యాండ్ అయితే చేత పట్టి ఊపు, గలగల మంటే లోపల తేనెతుట్టె పలిగింది, వద్దు. ఒక దిక్కునుంచి టార్చ్ కొడితే ఇంకో దిక్కు వెలుగు సమానంగ కనబడాలె.

ఒకటి మరువకున్రి అందరు. బొమ్మ నిలకడగ వెలిగితే నిమ్మళంగ ఇంటికి పోయి తెల్లారి చూపించుకోవచ్చు. ఆగి ఆగి మిణుకు మిణుకు మంటే ఇంజన్ మిస్సవుతున్నట్టు, కాలని పెట్రోల్ పోయి క్యాట్ ఎర్రగ కాలిపోతది. అప్పుడు జడ్చర్ల హైవే మీద ఉన్నా సరే పక్కకు ఆపుడే. టేపు అతికించమన్న దోస్తుకు ఇది చెప్పు.

నల్గొండ_నాలుగుచక్రాలు

అందరికి పేరు పేరున థ్యాంక్స్. ఆలస్యమైంది, పొలం కాడ వరి కోతలు ఉండె.

మొన్న ఆదివారం మా బాబాయ్‌ను తోలుకొని షాపుకు పోయిన. బాబాయ్ గట్టిగ మాట్లాడడు, మాట్లాడకుంట కుర్చేసుకొని కూసుంటడు, అదే ఆయన బలం. ముందుగాల అమ్మేసిన అన్నడు షాపాయన. బిల్లు చూపిచ్చి దీంట్ల క్యాట్ అని ఏడున్నదో చూపియ్ అన్న. గంటసేపు ఫోన్లు మాట్లాడుకున్నడు, బాబాయ్ మూడు చాయ్‌లు తాగిండు. నాలుగో చాయ్‌కి లోపలి గదిల నుంచి తెచ్చిండు, మూటల కట్టి ఉండె, ఇంకో పది దాక కనబడ్డయి అట్లాంటివి. మాదే అని ఎట్ల గుర్తుపట్టినమంటే పోయిన ఏడు పానగల్లు దారిల బండరాయి తగిలి సొట్టవడ్డది దానికి. 600 ఆయనకు ఇచ్చేసిన. రేకు కవర్ దొరకలే, అది కొత్తది కొన్న.

వెల్డింగ్ పైపు కోసేసి, రెండు జాయింట్లకు కొత్త గ్యాస్కెట్లు ఏపిచ్చి, క్యాట్ పాత జాగల పెట్టించిన, ఇక్కడ నల్గొండలనే మా మెకానిక్ తోటి. పాత గ్యాస్కెట్ సగం లేదు, పానా అన్న చెప్పినట్టే చుట్టూ మసి. కోడ్‌లు క్లియర్ చేసినంక తెల్లారి సల్ల ఇంజన్ తోటి స్టార్ట్ చేసి సాగర్ దాక పోయొచ్చిన, 60 - 80 నడుమ స్పీడు పట్టి. ఎనక సెన్సర్ ఇప్పుడు 0.68 కాడ గీత గీసినట్టు నిలబడ్డది. ట్రిమ్ 14 నుంచి 3 కొచ్చింది. యాప్‌ల క్యాట్ మానిటర్ రెడీ అని, అంటే క్యాట్ పరీక్ష పూర్తయిందని చూపిస్తుంది, రెండు వారాలైంది లైట్ రాలే. వాసన లేదు. ఎనక డబ్బా కొత్తదే ఉంచుకున్న, సౌండ్ మొదటంత లేదు గాని ఇంట్ల మా చెల్లె తిట్టకుంట ఉండేంత ఉన్నది.

సెన్సర్ కొనమన్న మెకానికే ఇదంత చేసిండు, గ్రాఫ్ చూపిస్తే ఆయన గూడ అడాప్టర్ కొన్నడు.

గూడ_గేర్

మంచిగైంది తమ్మి. ఆ కోసిన సక్కటి పైపు ఉన్నదా? మా దోస్తు బండికి అడుగుతుండు, పైసలిస్తడు.

నల్గొండ_నాలుగుచక్రాలు

లేదన్నా, మా నాయిన బర్రెదూడను కట్టేసే గుంజ చేసి కొట్టం ముంగట భూమిల దిగేసిండు. సెన్సర్ పెట్టిన నట్టు ఉన్నది గదా, పలుపు తాడుకు మంచిగ అక్కెరకొచ్చింది అంటుండు.